ఫిట్స్ ఆపరేషన్‌కి ముందు చేసే జ్ఞాపకశక్తి పరీక్షకు ఎలా సిద్ధం కావాలి

"మందులకు లొంగడం లేదు, ఆపరేషన్‌కి వీలవుతుందేమో చూద్దాం" అని న్యూరాలజిస్ట్ అన్నాక చేతిలో ఒక పొడవాటి చీటీ పెడతారు. ఎమ్మారై, మెదడు అలలు నమోదు చేసే వీడియో ఈఈజీ, ఒక్కోసారి పెట్ స్కాన్. వాటి కింద న్యూరోసైకాలజీ పరీక్ష అని ఇంకో వరుస ఉంటుంది. జ్ఞాపకశక్తి పరీక్ష అంటే ఇదే. అందులో సూది ఉండదు, పెద్ద మిషన్ ఉండదు. ఒక టేబులు, రెండు కుర్చీలు, కొన్ని కాగితాలు, బొమ్మలు, చెక్క దిమ్మలు, అంతే. అందుకే చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. మేమూ తీసుకోలేదు. మా తమ్ముడికి మొదటిసారి చేసిన పరీక్ష మొత్తం పనికిరాకుండా పోయింది.

వాడికి చీపురుపల్లిలో కిరాణా కొట్టు ఉంది. నేను విజయనగరంలో ఉంటాను. వాడి ఫైలు పట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగింది నేనే. మేం తప్పులు చేసి నేర్చుకున్న సంగతులు మీరు ముందే తెలుసుకుని వెళ్ళాలని ఇది రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాను, కాబట్టి మందుల విషయంలో మీ డాక్టర్ మాటే వినండి. మిగతాదానికి ఒక్క సూత్రం చాలు: మామూలు రోజున మీరు ఎలా ఉంటారో ఆ గదిలోనూ అలాగే కనిపించాలి. దానికోసం చేయాల్సిన పనులు చాలా వరకు ఇంటి దగ్గరే ఉన్నాయి.

ముందు ఇది ఎందుకో తెలుసుకోండి

సరిపడే మందులు రెండు, తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూర్ఛ ఉన్న ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరిది ఇదే పరిస్థితి. వీళ్ళలో కొందరికి ఫిట్స్ మెదడులో ఒకే చోట పుడతాయి. ఆ చోటును తీసేయగలిగితే ఆగిపోయే అవకాశం ఉంటుంది. కెనడాలో జరిగి 2001లో వెలువడిన ఒక అధ్యయనంలో, టెంపొరల్ లోబ్ (కణత లోపలుండే మెదడు భాగం) నుంచి ఫిట్స్ వచ్చేవాళ్ళను రెండు జట్లుగా చేసి ఏడాది పాటు చూశారు. ఆపరేషన్ జట్టులో 58 శాతం మందికి స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా పోయాయి. మందులతోనే ఉన్న జట్టులో 8 శాతం మందికే అలా జరిగింది.

అయితే ఫిట్స్ పుట్టే ఆ చోటు ఇంకే పని చేస్తోంది? అది తెలియకుండా కత్తి పెట్టకూడదని వైద్యలోకం చాలా కష్టంగా నేర్చుకుంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి ఫిట్స్ తగ్గాలని రెండు వైపులా టెంపొరల్ లోబ్ లోపలి భాగాలు తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ అప్పటి నుంచి 2008లో చనిపోయేదాకా జరిగిన ఏ సంగతీ ఆయన మనసులో నిలవలేదు. ఇప్పుడే మాట్లాడిన మనిషి బయటికి వెళ్ళి తిరిగొస్తే మళ్ళీ కొత్తవాళ్ళే. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన్ని ఏళ్ళ తరబడి పరీక్షించి, కొత్త జ్ఞాపకాలు కట్టే పని ఆ లోపలి భాగానిదేనని చూపించారు. మీ చీటీలో ఈ పరీక్ష ఉండటం వెనక ఆ కథ ఉంది.

చెవికి పైన, కణత లోపల ఉండేది టెంపొరల్ లోబ్. దాని లోపలి మడతలో హిప్పోకాంపస్ ఉంటుంది. మాటలు, పేర్లు, విన్న కథలు గుర్తుండటానికి చాలామందిలో ఎడమవైపుది ముఖ్యం. ముఖాలు, బొమ్మలు, దారుల విషయంలో కుడివైపుది ఎక్కువ సాయం చేస్తుంది, కానీ ఈ రెండో లెక్క మొదటిదంత కచ్చితం కాదు. పరీక్షలో ఏది బలంగా ఉంది, ఏది బలహీనంగా ఉంది అని చూస్తారు. ఆ బలహీనత ఎమ్మారై, ఈఈజీ చూపించిన చోటుతో కలిస్తే డాక్టర్లకు ధైర్యం. కలవకపోతే ఇంకా వెతుకుతారు.

దీని రెండో పని నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఆపరేషన్ వల్ల జ్ఞాపకశక్తి ఎంత తగ్గొచ్చో ఇది ముందే అంచనా వేస్తుంది. ఇక్కడ మనం అనుకునేదానికి లెక్క తిరగబడుతుంది. జ్ఞాపకశక్తి బాగున్నవాళ్ళకే నష్టం ఎక్కువ. నిండు బిందె ఒలికితే ఎన్ని నీళ్ళు పోతాయి, అడుగున నాలుగు చుక్కలున్న బిందె ఒలికితే ఎన్ని పోతాయి? అలాగే ఆ భాగం ఇప్పటికే పాడైపోయి పని చేయకపోతే, తీసేసినా పెద్దగా తేడా ఉండకపోవచ్చు. ఇంకా పని చేస్తుంటే తేడా తెలుస్తుంది. చాలా అధ్యయనాలను కలిపి 2011లో వేసిన లెక్కలో, ఎడమ టెంపొరల్ ఆపరేషన్ తర్వాత సుమారు 44 శాతం మందికి మాటల జ్ఞాపకం తగ్గింది. కుడివైపు అయితే సుమారు 20 శాతం. మీవాళ్ళు ఆ లెక్కలో ఎటువైపు ఉండొచ్చో చెప్పడానికి ఈ పరీక్షే ఆధారం. అందుకే అందులో లేని తెలివి చూపించినా, ఉన్న తెలివి కనబడకపోయినా నష్టం మనకే.

ఫైలు సర్దుకోండి, ఎడమచేతి సంగతి రాసుకోండి

పాత మందుల చీటీలు, డిశ్చార్జ్ కాగితాలు, ఎమ్మారై సీడీలు తేదీల వరుసలో పెట్టుకోండి. ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు మోతాదు మారింది, ఏది ఎందుకు ఆపారు అన్నది ఒకే కాగితం మీద రాయండి. చదువుకున్న రోజుల్లో మార్కుల కాగితాలు ఏవైనా ఉంటే పెట్టండి, ఫిట్స్ మొదలుకాకముందు, మొదలయ్యాక చదువు ఎలా ఉందో అవి చెబుతాయి. కాన్పు కష్టమైందా, పసితనంలో జ్వరంతో చాలాసేపు ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా అని అమ్మనో మామ్మనో అడిగి రాసుకోండి. మా తమ్ముడికి రెండేళ్ళప్పుడు జ్వరంలో వచ్చిన పెద్ద ఫిట్ గురించి మా అమ్మకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అలాంటి ఫిట్‌కీ, తర్వాత హిప్పోకాంపస్ ఎండిపోయినట్టు ముడుచుకోవడానికీ సంబంధం ఉండొచ్చని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఇక చేతివాటం. దీన్ని మనవైపు సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. కుడిచేతి వాటం వాళ్ళలో నూటికి 95 మందికి మాట ఎడమ మెదడులో ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్ళలో ఆ లెక్క 70 దాకానే. మిగతావాళ్ళకు కుడివైపో, రెండువైపులానో ఉంటుంది. మన ఇళ్ళల్లో పిల్లాడు పుర్రచేత్తో అన్నం తింటే చేతి మీద కొట్టి మాన్పిస్తాం, పుర్రచేత్తో రాస్తే బళ్ళో మాస్టారు మాన్పిస్తారు. పెద్దయ్యాక "కుడిచేయే అండీ" అని చెబుతారు. అలా చెప్పొద్దు. చిన్నప్పుడు రాయి ఏ చేత్తో విసిరేవాడు, గోళీలు ఏ చేత్తో ఆడేవాడు, ఇప్పుడు కత్తిపీట దగ్గరో సుత్తి దగ్గరో ఏ చేయి ముందుకొస్తుంది అన్నది చూసి, మార్పించి ఉంటే ఆ మాట కచ్చితంగా చెప్పండి.

ఫిట్స్ డైరీ లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. తేదీ, టైము, ఎంతసేపు, ముందు ఏం అనిపించింది, తర్వాత మాట ఎంతసేపటికి వచ్చింది. ఈ చివరిది రాయడం మరవకండి. ఫిట్ తర్వాత చాలాసేపు మాట రాకపోవడం డాక్టర్లకు ఒక ఆనవాలు.

మాత్రలు, నిద్ర, ప్రయాణం

మా మొదటి పరీక్ష పాడైంది ఇక్కడే. రాత్రి రైలెక్కాం, తెల్లారేసరికి పెద్ద ఊళ్ళో దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలని ప్లాన్. తెల్లవారుజామున రైల్లో వాడికి ఫిట్ వచ్చింది. ఆ సంగతి చెబితే తేదీ వాయిదా వేస్తారని, మళ్ళీ ఎప్పటికిస్తారోనని భయపడి నేనే నోరు మూసుకున్నాను. కళ్ళు మూతలు పడుతుంటే వాడు 3 గంటలు కూర్చున్నాడు. రిపోర్టులో అన్నీ అడుగున ఉన్నాయి, మాటల జ్ఞాపకం, బొమ్మల జ్ఞాపకం, వేగం, అన్నీ. ఏ వైపు బలహీనమో ఎవరికీ తెలియలేదు. నెలల తర్వాత మళ్ళీ చేయించాల్సి వచ్చింది.

అందుకని, ఊరు ఏదైనా ముందు రోజుకే చేరండి. విశాఖపట్నంలోనే అయితే విజయనగరం వాళ్ళకి 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం వాళ్ళకి 100 పైచిలుకు, తెల్లారి బస్సెక్కితే చాలనిపిస్తుంది. అయినా 9 గంటలకి టైము ఇస్తే 4 గంటలకే లేవాలి. బంధువులెవరైనా ఉంటే ముందు రాత్రి అక్కడ పడుకోండి. ఆమదాలవలసలో ఫలక్‌నుమా ఎక్కి సికింద్రాబాద్ వెళ్ళేవాళ్ళు, ప్రశాంతి ఎక్కి బెంగళూరు వెళ్ళేవాళ్ళు దిగిన రోజు కాకుండా మర్నాటికి టైము అడగండి. ఫోన్ చేసి అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

పరీక్ష ముందు రోజుల్లో జాగారాలు వద్దు. విజయనగరంలో మంగళవారం జరిగే సిరిమాను పండగకి, ముందు రోజు తొలేళ్ళ రాత్రంతా మేలుకుని బుధవారం పరీక్షకు బయల్దేరడం అస్సలు వద్దు. కార్తీక సోమవారమో, శనివారం ఉపవాసమో ఆ రోజు పడితే ఇంటి పెద్దలతో మాట్లాడి వేరే రోజుకి మార్చుకోండి. కడుపు నిండా టిఫిన్ తిని వెళ్ళాలి.

మాత్రలు ఎప్పటిలాగే, ఎప్పటి టైముకే వేసుకోవాలి. "మందు మత్తుగా ఉంటుంది, ఆ రోజు ఆపితే బుర్ర చురుగ్గా ఉంటుంది" అని మా చుట్టం ఒకాయన సలహా ఇచ్చాడు. అది ప్రాణం మీదికి తెస్తుంది. మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చే ప్రమాదం ఉంది. మందు ప్రభావం ఎంతో లెక్కేసుకోవడం సైకాలజిస్ట్ పని, మీరు ఏం వేసుకున్నారో, ఎన్నింటికి వేసుకున్నారో చెబితే చాలు. టోపిరమేట్ వాడేవాళ్ళకు మాట తట్టడం ఆలస్యం కావచ్చు. గార్డినాల్, క్లోబజామ్ లాంటివి మగతగా ఉంచొచ్చు. ఇవి వాళ్ళకు తెలియకపోతే మందు చేసిన పనిని మెదడు లోపం అనుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. వీడియో ఈఈజీ కోసం వార్డులో చేర్చుకున్నప్పుడు ఫిట్స్ కనబడాలని డాక్టర్లే మందులు తగ్గిస్తారు. ఆ మధ్యలో, ఫిట్ వచ్చిన మర్నాడు ఈ పరీక్ష పెట్టేస్తే ఫలితం సరిగ్గా రాదు. "మందులు తగ్గించకముందే జ్ఞాపకశక్తి పరీక్ష అయిపోతుందా అండీ?" అని చేరిన రోజే అడగండి. అంతకుముందు 24 గంటల్లో ఫిట్ వచ్చి ఉంటే, చిన్నదే అయినా, గదిలోకి వెళ్ళకముందే చెప్పండి. వాయిదా పడితే పడనివ్వండి.

కళ్ళద్దాలు, వినికిడి మిషన్ మరిచిపోవద్దు. పావలా ఖర్చు లేని ఈ జాగ్రత్త లేక, చూపు సరిగ్గా లేనివాళ్ళ బొమ్మల మార్కులు పడిపోతాయి.

మీ మాటలోనే జరగాలి

దేశంలో మూర్ఛ ఆపరేషన్లకు పేరున్న చోట్లు కొన్నే. తిరువనంతపురంలో శ్రీచిత్ర, అక్కడ 1995 నుంచీ చేస్తున్నారు. బెంగళూరులో నిమ్హాన్స్, ఢిల్లీలో ఎయిమ్స్, మన భాషలో మాట్లాడేవాళ్ళు దొరికే హైదరాబాద్‌లో నిమ్స్. ఎమ్మారైకి భాషతో పనిలేదు, దీనికి ఉంది. 15 మాటలు చదివి వినిపించి ఎన్ని గుర్తున్నాయని అడిగేటప్పుడు, ఆ మాటలు రాని భాషలో ఉంటే పరీక్షించేది జ్ఞాపకాన్ని కాదు, భాషని. టైము తీసుకునేటప్పుడే "తెలుగులో చేసేవాళ్ళు ఉన్నారా, ఏ రోజు ఉంటారు" అని అడగండి. మా మొదటిసారి అక్కడ తెలుగు వచ్చిన సైకాలజిస్ట్ లేక, పక్కన నన్ను కూర్చోబెట్టి చెప్పించారు. నేను ప్రశ్న తిప్పి చెప్పేటప్పుడు తెలియకుండానే సాయం చేసేశాను. "ఆలోచించరా, మనింట్లో ఉంటుంది కదా" అనేశాను. అలా చేస్తే ఆ ప్రశ్న చచ్చిపోయినట్టే. ఇంటివాళ్ళు దుబాసీలుగా కూర్చోకూడదు.

ఇంకో మాట, మనవైపు వాళ్ళకి ప్రత్యేకంగా. ఆ గదిలో పుస్తకాల తెలుగు మాట్లాడాలని ప్రయత్నించకండి. బొమ్మ చూపించి పేరు అడిగితే ఇంట్లో ఏమంటారో అదే అనండి. టమాటాని రామ్ములక్కాయ అనే ఇల్లు మాది, మా తమ్ముడు ఆ మాటకి సిగ్గుపడి పట్నం పేరు వెతుక్కుంటూ ఆగిపోయాడట. ఆ ఆగడం "పేరు తట్టలేదు" అని కాగితం మీద పడుతుంది. అర్థం కాకపోతే "ఏటండీ?" అని మళ్ళీ అడగండి, తప్పు లేదు. వాడుక మాటే రాతలోకి రావాలని పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో. సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టింది కూడా ఆయనే. ఆయన పుట్టిన నేల మీది మాటకి మనం సిగ్గుపడాల్సిన పని లేదు. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ళు, సవర మాట్లాడేవాళ్ళు ఆ సంగతి ముందుగానే చెప్పండి, ఏ భాష ముందు నేర్చుకున్నారో కూడా చెప్పండి.

చదువు రానివాళ్ళు భయపడొద్దు. అక్షరాలు లేకుండా, రంగులతో, బొమ్మలతో చేసే పరీక్షలు ఉన్నాయి. నిమ్హాన్స్ వాళ్ళు తయారుచేసిన పరీక్షల సముదాయంలో చదువు లేనివాళ్ళకు, బడి చదువు ఉన్నవాళ్ళకు, కాలేజీ చదువు ఉన్నవాళ్ళకు విడివిడిగా కొలతలు ఉన్నాయి. అందుకే చదువు గొప్పగా చెప్పుకోవద్దు. 5వ తరగతిలో మానేసి, 10 దాకా చదివానని చెబితే 10 చదివినవాళ్ళతో పోలుస్తారు, లేని లోపం కనబడుతుంది.

గదిలో ఏం జరుగుతుంది

3 నుంచి 6 గంటలు పట్టొచ్చు, కొన్నిచోట్ల రెండు రోజులకు పంచుతారు. మధ్యలో టీకి, బాత్రూమ్‌కి వదులుతారు. అలిసిపోతే అలిసిపోయానని చెప్పాలి.

మాటల జాబితా ఒకటి ఉంటుంది. 15 మాటలు వినిపిస్తారు, గుర్తున్నవి చెప్పమంటారు, అలా ఐదుసార్లు. తర్వాత వేరే జాబితా ఒకటి. ఆపైన వేరే పనుల్లో పెట్టి, అరగంట తర్వాత ఏ హెచ్చరికా లేకుండా మొదటి జాబితా అడుగుతారు. అసలు విషయం బయటపడేది ఆ అరగంట దగ్గరే. గీతల బొమ్మ ఒకటి చూసి గీయమంటారు, తర్వాత చూడకుండా గీయమంటారు. అంకెలు వెనక నుంచి చెప్పడం, నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడటం, దిమ్మలు పేర్చడం, వేలితో గబగబా తట్టడం లాంటివీ ఉంటాయి. ఒక్కొక్కటీ తేలిగ్గా మొదలై కష్టమవుతూ పోతుంది. ఎక్కడో ఒకచోట ఎవరైనా ఆగిపోవాలి, పరీక్షను అలాగే కట్టారు. "నాకు రావడం లేదు" అనిపించినప్పుడు టెన్షన్ పడొద్దని మీవాళ్ళకి ముందే చెప్పి పంపండి.

యూట్యూబ్‌లో ఇలాంటి పరీక్షలు వెతికి ఇంట్లో ప్రాక్టీసు చేయించకండి. పదో తరగతి పరీక్ష అనుకుని మా బావ మాటల జాబితాలు బట్టీ పట్టించబోతే నేను ఆపాను. ప్రాక్టీసు చేస్తే మార్కు పెరుగుతుంది, మెదడు మారదు. ఆ మార్కు చూసి డాక్టర్లు వేసే అంచనా తప్పుతుంది. ఆపరేషన్ తర్వాత పోల్చుకోవడానికి మిగిలేది కూడా ఈ కొలతే.

మిమ్మల్ని బయట కూర్చోమంటారు. కూర్చోండి. లోపలికి వెళ్ళేముందు "వాడికేమీ రాదండి, మీరే చూసుకోవాలి" లాంటి మాట వాళ్ళ ఎదురుగా అనొద్దు. ఆ మాట మోసుకుంటూ లోపలికి వెళ్ళిన మనిషి సగం ప్రశ్నలకు "తెలీదు" అనేస్తాడు. లోపల ఫిట్ వస్తే వాళ్ళే చూసుకుంటారు. వరండాలో మీ దగ్గర వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూసుకోండి, చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో ఏదైనా పెట్టడం చేయొద్దు. 5 నిమిషాలు దాటితే వెంటనే డాక్టర్‌ని పిలవాలి.

ఇంటివాళ్ళను విడిగా అడిగేటప్పుడు

రోజువారీ జీవితం గురించి మీకు వేరే ప్రశ్నలు వేస్తారు. ఇక్కడ నేను చేసిన తప్పు చెబుతాను. జ్ఞాపకశక్తి ఎలా ఉందని రాసిన చోట నేను "బ్రహ్మాండంగా ఉంది, కొట్లో అందరి అప్పు పద్దులూ నోటికే చెబుతాడు" అని రాశాను. అది నేను మనసారా నమ్మిన మాట. రెండోసారి పరీక్షలో వాడు ఐదుసార్లు విన్న జాబితాలో అరగంట తర్వాత చెప్పగలిగింది మూడు మాటలే. సైకాలజిస్ట్ గారు మళ్ళీ అడిగితే బయటపడింది. గల్లాపెట్టె కింద వాడొక చిన్న పుస్తకం పెట్టుకున్నాడు. ఎవరు వచ్చారు, ఏం పట్టుకెళ్ళారు, ఎంత బాకీ అన్నీ అందులో రాసుకుని, మనిషి గుమ్మంలోకి వస్తుండగానే చూసుకునేవాడు. "అప్పా, ఆ పుస్తకం లేకపోతే నాకు ఎవరి పద్దూ గుర్తుండదు" అన్నాడు. మావైపు అక్కని అప్ప అంటాం. ఎన్నేళ్ళుగా అలా నెట్టుకొస్తున్నాడో మాకెవరికీ తెలియదు.

అందుకని మీకు తెలిసిందే రాయండి, మీరు అనుకునేది కాదు. ఉదాహరణలు రాయండి. బజారుకి పంపితే ఎన్ని మరిచిపోతారు, చెప్పిందే ఎన్నిసార్లు చెబుతారు, తెలిసిన దారి తప్పారా.

దిగులు, కోపం, నిద్ర, తాగుడు, చచ్చిపోవాలనిపించడం గురించి కూడా అడుగుతారు. దాచొద్దు. మూర్ఛ ఉన్నవాళ్ళలో దిగులు చాలా మామూలు, దిగులు కూడా మార్కులు తగ్గిస్తుంది, దానికి వైద్యం ఉంది. పెళ్ళి సంబంధాల భయంతో ఫిట్స్ సంగతే దాచే ఇళ్ళు నాకు తెలుసు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్ళికి అడ్డుగా చూపే మాటను 1999లోనే తీసేశారు. ఆ గదిలో చెప్పింది మీ వైద్యం కోసమే.

రిపోర్టు వచ్చాక

పాస్, ఫెయిల్ ఉండవు. పర్సెంటైల్ అని ఒక అంకె ఉంటుంది. మీ వయసు, చదువు ఉన్న 100 మందిని వరుసలో నిలబెడితే మీరు ఎక్కడ ఉంటారో అది చెబుతుంది. 50 అంటే నడిమధ్య. 25 నుంచి 75 దాకా సాధారణం. నిమ్హాన్స్ కొలతల్లో 15 కంటే కిందుంటే లోపంగా చూస్తారు. ఒక్క అంకె పట్టుకుని బెంగపడకండి, ఏవేవి కలిసి తగ్గాయన్నదే ముఖ్యం.

కాగితం తీసుకుని వచ్చేయకండి. ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి కూర్చుని తెలుగులో చెప్పమని అడగండి. మాట ఏ వైపు ఉన్నట్టు తేలింది? ఎమ్మారై, ఈఈజీ చూపించిన చోటుతో ఇది కలుస్తోందా? ఆపరేషన్ చేస్తే మాటల జ్ఞాపకం ఎంత తగ్గొచ్చు? చేయించకుండా ఫిట్స్ ఇలాగే వస్తుంటే జ్ఞాపకశక్తి ఏమవుతుంది? ఈ చివరి ప్రశ్న అడగడం చాలామందికి తట్టదు. వాళ్ళు చేసే పనిని కూడా చెప్పి అడగండి. పాఠం చెప్పే టీచరుకీ, మంత్రాలు ధారణ చేసే పురోహితుడికీ మాటల జ్ఞాపకం తగ్గితే బతుకుతెరువు పోయినట్టే. కుట్టుపని చేసే మనిషికి అదే నష్టం వేరుగా ఉంటుంది.

మాట ఏ వైపు ఉందో తేలకపోతే ఎఫ్ఎమ్మారై అంటారు, మిషన్‌లో పడుకుని మనసులో మాటలు అనుకుంటుంటే మెదడులో ఏ భాగం పని చేస్తోందో చూస్తారు. కొందరికి వాడా పరీక్ష చేస్తారు. తొడ దగ్గర రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి, సగం మెదడును కొద్ది నిమిషాలు నిద్రపుచ్చి, ఆలోపు మాట్లాడించి, వస్తువులు చూపించి తర్వాత గుర్తున్నాయా అని అడుగుతారు. జున్ వాడా అనే డాక్టర్ పేరు మీద వచ్చింది ఇది. ఇప్పుడు తక్కువ మందికే చేస్తున్నారు.

ఖర్చు సంగతి అడ్మిషన్‌కి ముందే, ఆసుపత్రిలో ప్రభుత్వ ఆరోగ్య పథకం పని చూసే వైద్యమిత్రతో తేల్చుకోండి. ఆపరేషన్‌కి కార్డు వర్తిస్తే పరీక్షలకు కూడా వర్తిస్తుందా అని విడిగా అడగండి.

చేయాలా వద్దా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలదు. న్యూరాలజిస్ట్, సర్జన్, స్కాన్ చదివే డాక్టర్, సైకాలజిస్ట్ అందరూ కూర్చుని తేలుస్తారు. మా తమ్ముడికి ఎడమ హిప్పోకాంపస్ ముడుచుకుపోయినట్టు ఎమ్మారైలో ఉంది, మాటల జ్ఞాపకం తక్కువ, బొమ్మల జ్ఞాపకం బాగుంది. అన్నీ ఒకే వైపు చూపించాయి. "పోయేది పెద్దగా లేదు, కానీ పేర్లు తట్టడం కొన్నాళ్ళు ఆలస్యం కావచ్చు" అని సైకాలజిస్ట్ గారు ముందే చెప్పారు. ఆపరేషన్ తర్వాత అదే జరిగింది. కొట్లో సరుకు చేతిలో పట్టుకుని పేరు రాక నిలబడిపోయేవాడు. ముందే చెప్పారు కాబట్టి ఎవరం కంగారు పడలేదు. మా మరదలు డబ్బాలన్నిటికీ పేర్లు అంటించింది.

ఆపరేషన్ అయిందని మాత్రలు ఆపకూడదు, ఎప్పుడు తగ్గించాలో వాళ్ళే చెబుతారు. 6 నెలల నుంచి ఏడాది లోపు ఇదే పరీక్ష మళ్ళీ చేస్తారు. మొదటి రిపోర్టు జిరాక్స్ రెండు తీసి, ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, పాత అంకెలు పోతే పోల్చడానికి ఏమీ ఉండదు. వీలైతే అదే చోట, అదే భాషలో చేయించండి. మేం ఈసారి వెళ్ళేటప్పుడు గల్లాపెట్టె కింది పుస్తకాలు, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళాం. ఆపరేషన్‌కి ముందు నెలలో ఎంత రాసేవాడో, ఇప్పుడు ఎంత రాస్తున్నాడో సైకాలజిస్ట్ గారు పేజీలు తిప్పి చూశారు. మీవాళ్ళకీ అలాంటి పుస్తకమో, ఫోన్లో రాసుకున్న చీటీలో ఉంటే, తేదీలతో సహా దాచి తీసుకెళ్ళండి.